అడగని వాళ్లకు ఎమ్మార్పీ

2023 వానాకాలం. మా వీధిలో మోకాటి లోతు గుంతలు, వాటి నిండా నీళ్లు, ఆ నీళ్ల మీద మగ్గాల నూనె. టెంఘర్‌లో మా మెడికల్ దుకాణం మొదటి మెట్టు మునిగిపోతే ముందర నాలుగు ఇటుకలు పేర్చాం. మందులకు వచ్చినవాళ్లు వాటి మీద ఒంటికాలి కొంగల్లా నిలబడి చీటీలు అందించేవారు. వీధికి రెండు పక్కలా పవర్‌లూమ్ షెడ్లే. ఆ చప్పుడులో ఇరవై రెండేళ్లుగా బతుకుతున్నాను కాబట్టి నా గొంతు పెద్దది. గొంతు ఒక్కటేనా, నోరు కూడా పెద్దదే అని మా ఆయన అంటాడు. ఆయన అన్నవాటిలో నేను ఒప్పుకున్నది అదొక్కటే.

కరీంనగర్‌లో బీఫార్మసీ చదివి, పెళ్లయ్యాక మహారాష్ట్రలోని మగ్గాల ఊరు భివండీకి, దాన్ని ఆనుకున్న ఈ టెంఘర్‌కు వచ్చాను. గోడకు వేలాడే లైసెన్సు మీద పేరు నాదే, కౌంటర్ వెనక వాచిపోయే కాళ్లూ నావే. మా పని గురించి తెలుసుకోవాలని వచ్చేవాళ్లు మొదట అడిగేది ఒకటే ప్రశ్న: మందుల్లో ఎంత మిగులుతుంది? దీనికి ఒక అంకె చెప్పే దుకాణదారు అబద్ధం చెబుతున్నట్టే. కొనేవాడు ఎవరో చెప్పండి, అప్పుడు నేను ఎంత మిగులుతుందో చెబుతాను.

ఎమ్మార్పీ అన్నది మాత్రల పత్తా, అంటే స్ట్రిప్, మీద అచ్చయి ఉండే ధర. దాన్ని దాటి ఒక్క పైసా తీసుకోకూడదు, అది చట్టం. అంతకు తక్కువకు అమ్ముకోవడం దుకాణదారు ఇష్టం. స్టాకిస్ట్, అంటే కంపెనీల సరుకు తెచ్చి మాకు వేసే టోకు వ్యాపారి, మాకు ఏ ధరకు ఇస్తాడో పత్తా మీద ఉండదు. పేరున్న కంపెనీ మందులో మాకు మిగిలేది కొంచెమే. ట్రేడ్ జనరిక్ అని ఇంకో రకం ఉంది. లోపల అదే మందు, పైన ఎవరికీ తెలియని కంపెనీ పేరు, అచ్చయిన ధర మాత్రం దాదాపు పెద్ద కంపెనీదే. మాకు మూడో వంతుకో అంతకన్నా తక్కువకో వస్తుంది. ఆ మధ్య ఉన్న జాగాలో ఎవరికి ఎంత వదలాలి అన్నదే మా వ్యాపారం.

డిస్కౌంటు ఒక్కో బజారులో ఒక్కో రకంగా నడుస్తుంది. కూరగాయల బజారులో పొద్దు వాలేకొద్దీ ధర దిగుతుంది, ఎందుకంటే టమాటా తెల్లారేదాకా ఆగదు. బట్టల బజారులో వటావ్ అని ఉంది. తొందరగా డబ్బు కట్టినవాడికి నూటికి ఇంత అని కోసి ఇస్తారు. ఆ రెండు బజార్లలో తగ్గింపుకు ఒక కారణం పైకి కనిపిస్తుంది. మా మాత్ర సాయంత్రానికి కుళ్లదు, డబ్బు అందరూ అప్పుడే ఇస్తారు. అయినా నా కౌంటర్ మీద మూడు ధరలు ఉండేవి.

పక్కనున్న కాల్హేర్, మాన్కోలి గోదాముల సేఠ్‌లు బండి ఆపకుండానే ఫోన్ ముందుకు చాపి, ‘భాభీ, ఆన్‌లైన్‌లో ఇంతకే వస్తోంది’ అనేవారు. వాళ్లకు నూటికి ఇరవై. ఉత్తరాది నుంచి వచ్చిన మగ్గం కార్మికులు, చేతిలో రెండు వందలున్నా ఇరవై ఉన్నా, ‘కుఛ్ తో కమ్ కరో భాభీ’ అనకుండా చెయ్యి జేబులో పెట్టరు. వాళ్లకు పది. మన తెలుగువాళ్లు అడగరు. అక్క దుకాణంలో బేరమా, అక్క మోసం చేస్తుందా, అడిగితే అక్క చిన్నబుచ్చుకోదా అనుకుంటారు. వాళ్లకు ఎమ్మార్పీ.

కాలేజీలో మాకు మార్కెటింగ్ పాఠం ఒకటి ఉండేది. ఒకే సరుకును ఒక్కొక్కరికి ఒక్కో ధరకు అమ్మడాన్ని ధరల వివక్ష అంటారనీ, వదిలి వెళ్లగలిగిన వాడికి తక్కువ ధర, వెళ్లలేని వాడికి ఎక్కువ ధర పడుతుందనీ అందులో చదివాను. పరీక్షలో బాగానే రాశాను. మావాళ్లకు నేను వేరే రకంగా తగ్గిస్తున్నానని అప్పట్లో నన్ను నేను నమ్మించుకున్నాను. బీపీ ఊరికే చూస్తాను. డాక్టరు హిందీలో చెప్పింది తెలుగులో మళ్లీ చెబుతాను. కవరు మీద తెలుగులో రాసిస్తాను. ఇదంతా ఏ ఆన్‌లైన్ వాడు చేస్తాడు? అదే వాళ్ల డిస్కౌంటు అనుకునేదాన్ని. ఎంత బాగుంది చూడండి వాదన. చదువుకున్నదాన్ని కదా, అబద్ధాన్ని కూడా పద్ధతిగా అల్లుతాను.

రాజేశం మా దుకాణానికి తొమ్మిదేళ్లుగా వచ్చేవాడు. సిరిసిల్ల వైపు మనిషి, ముప్పై ఆరేళ్లుంటాయి. మా వెనక వీధి షెడ్డులో ఆరు మగ్గాలు చూసేవాడు. అంతకు రెండేళ్ల ముందు అతనికి మూర్ఛ మొదలైంది. సర్కారు ఆస్పత్రి డాక్టరు పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర రాశాడు. ఒక్కటి కూడా తప్పొద్దన్నాడు. ఆస్పత్రి కిటికీలో ఆ మందు ఉన్న రోజుల కన్నా లేని రోజులే ఎక్కువ కాబట్టి చీటీ నా దగ్గరికి వచ్చింది.

మొదటి రోజే అతను గొంతు తగ్గించి చెప్పాడు.

“అక్కా, గీ ముచ్చట మా సేఠ్‌కు తెల్వద్దు. తెలిస్తే మగ్గం మీద నిలవడనియ్యడు.”

“నేనెందుకు చెప్పాలె వానికి? నువ్వు మాత్ర మర్వకు, నేను నోరు తెరువ.”

“నువ్వు నోరు తెరువకపోవుడా?” అని పక్కనే ఉన్న అతని భార్య భాగ్య నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

డాక్టరు చీటీలో మందు పేరే ఉంది, కంపెనీ పేరు లేదు. కాబట్టి ఏ కంపెనీది ఇవ్వాలన్నది నా చేతిలో ఉంది. నేను ట్రేడ్ జనరిక్ ఇచ్చాను. మందులో లోపం లేదు, అది పనిచేసింది. రెండేళ్లు అతనికి ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు. పత్తాకు పది మాత్రలు, నెలకు ఆరు పత్తాలు. పత్తా మీద అచ్చయిన ధర నూట ముప్పై రెండు. నాకు పడేది నలభై ఒకటి. అతను ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి, ఎనిమిది వందలిచ్చి, చిల్లర లెక్కపెట్టకుండా జేబులో వేసుకుని పోయేవాడు.

ఆ ఏడు వానలకు ముందు, చలికాలం చివర్లో ఒక పొద్దున కౌంటర్ దగ్గర ఇద్దరు నిలబడ్డారు. ఒకరు రాజేశం. రెండో ఆయన కాల్హేర్‌లో రెండు గోదాములున్న సేఠ్. ఆయన తల్లికి పక్షవాతం తర్వాత మూర్ఛలు వస్తుంటే అదే మందు వాడుతున్నారు. ఇద్దరికీ ఒకే డబ్బాలోంచి తీశాను. సేఠ్ ఫోన్ చూపించాడు.

“భాభీ, బీస్ పర్సెంట్. నహీ తో మై చలా.”

“చలా అంటే చల్. బోణీ వేళ తల తినకు,” అని తెలుగులో గొణిగి, హిందీలో నవ్వి, నూట ఆరు చొప్పున వేశాను. పక్కనే నిలబడ్డ రాజేశానికి నూట ముప్పై రెండు చొప్పున వేశాను. అతను చూశాడు. చూశాడని నాకు తెలుసు. ఎనిమిది వందలు కౌంటర్ మీద పెట్టి, “పోతున్న అక్కా” అన్నాడు.

తర్వాత బట్టల బజారుకు మందీ వచ్చింది. నేసిన గుడ్డకు గిరాకీ లేక షెడ్లు వారానికి నాలుగు రోజులే నడిచాయి. మగ్గం ఆగితే మా వీధికి చెవులు హాయిగా ఉంటాయి, కడుపులు కాదు. ఆ నెల రాజేశం వచ్చి మూడు పత్తాలే అడిగాడు.

మా వృత్తిలో రీఫిల్ అని ఒక మాట ఉంది. రోజూ మందు వేసుకునే రోగి మళ్లీ కొనడానికి రావడం. ఆ రాకలో తేడా వస్తే రెండు కారణాల్లో ఒకటి ఉంటుంది. రోగి దుకాణం మార్చి ఉండాలి, లేదా మందు తగ్గించి ఉండాలి. రెండోది ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ముందు అదే అడగాలి. చదువుకున్న ఫార్మసిస్టుకూ, ఉత్తగా డబ్బాలు అందించేవాడికీ తేడా అంతే. నేను మొదటి కారణం దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే ఆ నెలలోనే మూల మీద కొత్తగా పెద్ద మెడికల్ తెరిచారు. ఇరవై శాతం తగ్గింపు అని మనిషంత బోర్డు పెట్టారు. నా కడుపు అప్పటికే మండుతోంది.

“ఏం రాజేశం, మిగతా మూడు పత్తాలు ఆ మూల దుకాణంల కొంటున్నవా?” అన్నాను. కౌంటర్ ముందు ఇంకో నలుగురు ఉన్నారు.

“లేదక్కా.”

“లేదంటవేంది? ఆరుకు మూడయినయి. కడుమయి గాల్లకెల్లి వస్తున్నయా? పో పో, అక్కడ నీకు తెలుగుల రాసిచ్చేటోళ్లు మస్తుమంది ఉంటరు.”

నలుగురూ నవ్వారు. అతనూ నవ్వడానికి ప్రయత్నించాడు.

“గట్లనకక్కా. నేను పోతనా గక్కడికి?”

ఆ తర్వాత మూడు నెలలు మూడేసి పత్తాలే కొన్నాడు. నేను మాట్లాడకుండా ఇచ్చాను. మాట్లాడకపోవడం నాకు ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు. అంత కష్టపడి మరీ నేను చేసిన తప్పు అది.

జూలైలో ఒక పొద్దున పదకొండు గంటలకు షెడ్డులో అతని పక్క మగ్గాలు చూసే మనిషి నీళ్లలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. బనీను మీద నెత్తురు.

“అక్కా, దూది, పట్టీలు ఎన్నుంటే అన్ని ఇయ్యి. రాజేశం తన్నుకుంట మగ్గం మీద పడ్డడు. చెయ్యి గేర్లల్లకు పోయింది.”

“మెయిన్ బంద్ చేసిండ్రా?”

“చేసినం. చేసేసరికే…”

అతను చేత్తో చూపించబోయి ఆగిపోయాడు. ఉన్నవన్నీ సంచిలో వేసి ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదని రాయాలని ఉంది. నిజానికి తీసుకున్నానో లేదో గుర్తులేదు.

కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. తెగిన పోగును ముడి వేయడానికి బొటనవేలికి జోడీగా చూపుడువేలు ఉండాలి. కన్ను మూసి తెరిచేలోపు వేసే ఆ ముడి లేకపోతే మనిషి మగ్గం దగ్గర ఉండీ దండగ. పైగా మూర్ఛ సంగతి షెడ్డు సేఠ్‌కు తెలిసిపోయింది. ఒక సేఠ్‌కు తెలిస్తే టెంఘర్ మొత్తానికి తెలిసినట్టే. ఆస్పత్రి ఖర్చుల కింద సేఠ్ ఏదో చేతిలో పెట్టాడు, రేపటినుంచి రావొద్దన్నాడు. గేర్ల మీద మూత ఎందుకు లేదని అతన్ని అడిగినవాళ్లు లేరు. ఆస్పత్రి కిటికీలో మందు ఎందుకు ఉండదని అడిగినవాళ్లూ లేరు. నా ఒక్కదాని వల్లే ఇదంతా జరిగిందని గుండెలు బాదుకునే రకాన్ని కాదు నేను. వాళ్ల వంతు వాళ్లు రాసుకోనీ. నా కౌంటర్ సంగతి నేను రాస్తున్నాను.

పది రోజుల తర్వాత వాళ్ల గదికి పోయాను. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే చాలీలో మూడో గది. రాజేశం గోడకు ఆనుకుని కూర్చున్నాడు, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. భాగ్య స్టీలు గ్లాసుతో నీళ్లిచ్చింది. మందులు చూపించమన్నాను. బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. అందులో నా దుకాణం కవరు, దాని మీద నా చేతిరాత: పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రెండో మాట మీద నీలం పెన్నుతో గీత కొట్టి ఉంది.

“ఇదెవరు కొట్టేసిండ్రు?”

“నేనే అక్కా,” అన్నాడు రాజేశం.

భాగ్య అతని వైపు తిరిగింది. “రాత్రిది వేసుకుంటే పొద్దుగాల డ్యూటీల మత్తు వస్తుందని చెప్తివి గదా? డాక్టరే బంద్ చెయ్యమన్నడంటివి.”

అతను ఆమె వైపు చూడకుండా నాకు చెప్పాడు. “నాలుగు రోజులే పని అక్కా వారానికి. పిల్లల ఫీజులు ఆపలేం, కిరాయి ఆపలేం. రెండేండ్లు రాలే గదా, ఒక మాత్ర ఆపితె ఏమయితది అనుకున్న.”

నా నోరు ఊరుకోలేదు. తప్పు నా మీదికి వస్తోందని తెలిసినప్పుడే నా గొంతు పెద్దదవుతుంది.

“నాకు చెప్పొద్దా? తగ్గియ్యమని అడుగొద్దా? నోరు లేదా నీకు? ఆ కాల్హేర్ సేఠ్ నీ ముంగటనే అడిగి ఇరవై పర్సెంట్ కోయించుకోని పోలేదా? చూసినవ్ గదా?”

“చూసిన.”

“మరి?”

“వాళ్లు బయటోళ్లక్కా. తగ్గియ్యకుంటె ఇంకో దుకాణానికి పోతరు. నీకు నడవాలె గదా. మేం యాడికి పోతం? ఎట్లయినా నీ తానకే వస్తిమి.”

అతని గొంతులో నింద లేదు. నన్ను నా దగ్గరే వెనకేసుకొస్తున్నాడు. నేను కాలేజీలో మార్కులు తెచ్చుకున్న పాఠం మొత్తం, ఏడో తరగతితో బడి మానేసిన మనిషి రెండు ముక్కల్లో నాకు అప్పజెప్పాడు. తేడా ఏమిటంటే, అతను దాన్ని ప్రేమగా చెప్పాడు.

అప్పుడు భాగ్య అడిగింది.

“అక్కా, ఆ పత్తా నీకెంతకు పడ్తది?”

ఇరవై రెండేళ్లలో నన్ను ఈ మాట అడిగిన మొదటి తెలుగు మనిషి ఆమె. దాటవేయడానికి నా దగ్గర వంద మాటలున్నాయి. కరెంటు బిల్లు, కిరాయి, ఎక్స్‌పైరీ అయి పారేసే సరుకు, అన్నీ నిజాలే. అన్నీ నోటి దాకా వచ్చాయి.

“నలభై ఒకటి,” అన్నాను.

ఆమె డబ్బా మూత పెట్టి, తీసుకెళ్లి అలమారలో పెట్టి, నా వైపు వీపు పెట్టి అక్కడే నిలబడిపోయింది. రాజేశం, “చాయ్ పెట్టవే అక్కకు” అన్నాడు. ఆమె కదల్లేదు. నేను లేచి వచ్చాను.

“ఎమ్మార్పీ దాటలేదు గదా, నీ తప్పేముంది?” అన్నాడు మా ఆయన. చట్టం ప్రకారం ఏమీ లేదు. ఆ మాట నేనూ అనుకున్నాను, వాదించుకున్నాను. నాతో నేను వాదించుకుంటే గెలవడం నాకు అలవాటే. ఈసారి గెలిచాను కూడా, కానీ ఆ గెలుపు ఆ గీత కొట్టిన కవరు ముందు నిలబడలేదు.

ఆ నెలలోనే రోజువారీ మందులన్నిటికీ ఒకే ధర పెట్టాను. షుగరు, బీపీ, మూర్ఛ మాత్రలకు, నాకు పడిన ధర మీద ఇంత అని లెక్క వేసి, తెలుగులో, హిందీలో, మరాఠీలో రాసి కౌంటర్ మీద అతికించాను. రాజేశం వాడే పత్తాకు అరవై. దాంతో నాకు దండలేమీ పడలేదు. కాల్హేర్ సేఠ్ ధర చూసి, “ఇత్‌నా మార్జిన్ థా క్యా భాభీ?” అని నవ్వి మళ్లీ రాలేదు. మావాళ్లు అరవై అన్న కాగితం చదివారు, పాత కవర్లు గుర్తుతెచ్చుకున్నారు. ఒక ముసలాయన నిలబడి చాలాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, “అంటే గిన్నొద్దులు?” అన్నాడు. వాక్యం పూర్తి చేయలేదు. చేయాల్సిన అవసరం లేదు. ధర తగ్గించడమంటే ఇన్నాళ్లూ ఎక్కువ తీసుకున్నానని సంతకం పెట్టి ఇవ్వడమే. కొందరు మూల దుకాణానికి మారారు. వాళ్లను ఇప్పుడు నేను తిట్టడం లేదు.

భాగ్య మాన్కోలిలో ఒక గోదాంలో పార్సిళ్ల ప్యాకింగ్‌కు పోతోంది. రాజేశం ఇంట్లో ఉంటాడు. రెండు పూటలా మాత్ర వేసుకుంటున్నాడు. దసరా ముందు ఒక సాయంత్రం ఆమె డ్యూటీ దిగి, గోదాం గుర్తింపు కార్డు మెడలో ఉండగానే మా దుకాణానికి వచ్చింది. చీటీ కౌంటర్ మీద పెట్టింది.

“యే ఛే పత్తా. కిత్‌నా కమ్ కరేంగే భాభీ?”

నేను తల ఎత్తి చూశాను. తొమ్మిదేళ్లు తెలుగులో అక్కా అని పిలిచిన మనిషి, ఎంత తగ్గిస్తావని హిందీలో అడుగుతోంది. ఎదురుగా అంత పెద్ద కాగితం మీద ధర తెలుగులో రాసి ఉంది, ఆమెకు చదవడం వచ్చు.

“భాగ్యా, అరవై రాసి పెట్టిన గదా,” అన్నాను.

“వో దుకాన్ మే పచ్‌పన్ బోలా హై.”

మూల దుకాణంలో ఆ ధరకు రాదని నాకు తెలుసు, బహుశా ఆమెకూ తెలుసు. బేరం ఆడుతోంది. అందరిలాగా, బయటివాళ్లలాగా. నాకు కోపం రాలేదు. యాభై అయిదు చొప్పున వేశాను. ఆమె చిల్లర ఒక్కొక్క నోటూ లెక్కపెట్టుకుంది, పత్తాలు ఆరూ తిప్పి ఎక్స్‌పైరీ చూసుకుంది, కవరు అక్కరలేదని చెయ్యి ఊపింది.

డిస్కౌంటు బీదవాళ్లకు పోదు, నమ్మకస్తులకు పోదు, వదిలి వెళ్లగలిగిన వాళ్లకు పోతుంది. పాఠంలో ఉన్నదే ఇది, కొత్తగా నేను కనిపెట్టిందేమీ లేదు. ఈ కేసు నాకు నేర్పింది ఇంకొకటి. బేరం ఆడేవాడు తన ఇబ్బంది మన ముందు పెడతాడు. ఆడనివాడు దాన్ని ఇంటికి తీసుకెళ్లి, రాత్రి మాత్ర మీద గీత కొడతాడు. అందుకే ఇప్పుడు నెల మందుల్లో ఒక్క పత్తా తగ్గినా, కౌంటర్ ముందు ఎంతమంది ఉన్నా పక్కకు పిలిచి, ఏ పూటది మానేశావని అడుగుతున్నాను. కొందరికి కోపం వస్తుంది, మా ఇంటి సంగతి నీకెందుకంటారు. అననీ.

భాగ్య ప్రతి నెలా వస్తుంది, ఆరు పత్తాలకు. ప్రతి నెలా హిందీలోనే అడుగుతుంది. నేను ప్రతి నెలా తెలుగులోనే చెబుతాను.